పాత బొలెరో వెనక క్యారవాన్ డబ్బా: ముందు కాడి బరువు తూచు

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. 2004 మోడల్ బొలెరో, ఫోర్‌వీల్ డ్రైవ్, 2523 సీసీ డీఐ టర్బో ఇంజిన్. హనుమకొండలో ఉంటావు. బండి వెనక కట్టి లాగే, ఒకే ఇరుసున్న చిన్న క్యారవాన్ డబ్బా సెకండ్ హ్యాండ్‌లో కొన్నావు. ఖాళీగా 650 కిలోలు, సామాను వేస్తే 900 దాకా రావచ్చంటున్నావు. ఇంట్లోవాళ్లను తీసుకుని లక్నవరం చెరువు, బొగత జలపాతం, ఆ తర్వాత మహబూబ్ ఘాట్ కొండదారి చూసుకుంటూ కుంటాల జలపాతం దాకా పోవాలని నీ ఆలోచన. "63 హార్స్‌పవర్ బండి లాగుతుందా అన్నా? ఎంత లాగొచ్చో మాన్యువల్‌లో లేదు. మెకానికేమో పెద్ద హుక్ వేస్తే చాలంటున్నాడు" అని అడిగావు.

లాగుతుంది. ఆ టెన్షన్ వద్దు. బండి సుమారు 1600 కిలోలు, మనుషులూ సంచులూ ఒక 300, డబ్బా 900, అన్నీ కలిపి 2800. వంద మీటర్లకు ఆరు మీటర్లు లేచే ఎక్కుడు మీద ఇంత బరువును గంటకు 40 కిలోమీటర్ల వేగంతో ఎక్కించడానికి చక్రాల దగ్గర 35 నుంచి 40 హార్స్‌పవర్ చాలు. గేర్‌బాక్సు, ఇరుసు తినేది పోగా ఆరోగ్యంగా ఉన్న నీ ఇంజిన్ దగ్గర 50 దాకా మిగులుతుంది. రెండు, మూడు గేర్లలో మూలుగుతూ ఎక్కుతుంది. వెనక లారీవాడు హారన్ కొడతాడు, కొట్టనీ. పాత జీపులతో డబ్బాలు లాగినవాళ్లు బోల్తా కొట్టింది ఇంజిన్ చాలక కాదు. బరువు తప్పు చోట పెట్టి కొందరు, బ్రేకులు చాలక మరికొందరు. కాబట్టి నువ్వు అడగనివే ఎక్కువ చెప్తాను.

ముందు నా కథ విను. 2012లో నా దగ్గర పాత మార్షల్ జీపు ఉండేది. తెలిసిన వెల్డింగ్ షాపులో ఒక ట్రైలర్ చేయించి, పైన రేకు డబ్బా బిగించుకున్నాను. ముందు భాగంలో పరుపులు, వెనక తలుపు దగ్గర 200 లీటర్ల నీళ్ల డ్రమ్ము. దింపుకోవడానికి వీలుగా ఉంటుందని అక్కడ పెట్టాను. ఏటూరునాగారం పోతూ పస్రా దాటాక చిన్న దిగుడు వచ్చింది. స్పీడు 70 ఉంటుందేమో. ఒక బస్సు నన్ను దాటేసింది. అది పక్క నుంచి పోయిన మరుక్షణం స్టీరింగ్ చేతిలో తేలికైపోయింది, దూది పట్టుకున్నట్టు. ఎడమ అద్దంలో డబ్బా మూల కనిపించింది. వెంటనే మాయమై కుడి అద్దంలో కనిపించింది. మళ్లీ ఎడమ. ప్రతిసారీ ఇంకొంచెం ఎక్కువ. నేను చేయకూడని పని చేశాను, బ్రేకు తొక్కాను. జీపు ఆగబోయింది, డబ్బా ఆగలేదు, జీపు వెనక భాగాన్ని పక్కకు నెట్టింది. ఎదురుగా ఎవరూ రాకపోవడం నా అదృష్టం. ఎడమ చక్రాలు రోడ్డు దిగి మట్టిలో పడ్డాయి. అలా ఆగాను.

ఇంటికొచ్చి చెప్తే మా బాపు నవ్వాడు. "ఎడ్లబండి కట్టరానోనివి, జీపుకు డబ్బా కట్టినవా?" అన్నాడు. ఆయన చిన్నప్పుడు మేడారం జాతరకు ఎడ్లబండి మీదనే పోయేవాడు. బండి నింపేటప్పుడు పెద్దవాళ్లు కాడి ఎత్తి చూసేవారట. ముందు బరువెక్కువైతే ఎద్దుల మెడ పుండ్లు పడుతుంది. వెనక బరువెక్కువైతే కాడి పైకి లేచి పలుపు ఎద్దు గొంతుకు బిగుసుకుంటుంది. అందుకే బస్తాలను ఇరుసు మీద పేర్చి, కాస్త మొగ్గు ముందుకు ఉంచేవారు. నేను పుస్తకాలు తిరగేసి నేర్చుకోవాల్సిన సంగతి ఆయన మంచం మీద కూర్చుని రెండు నిమిషాల్లో తేల్చేశాడు.

ఈ కాడి బరువే నీ డబ్బా ముక్కు (ముందు తగిలించే కొస) నీ జీపు బాల్ (వెనక హుక్ మీది ఇనుప గుండు) మీద వేసే బరువు. బ్రిటన్‌లో క్యారవాన్ లాగేవాళ్లు డబ్బా మొత్తం బరువులో 5 నుంచి 7 శాతం ముక్కు మీద ఉంచుతారు. అమెరికాలో 10 శాతం, ఆ పైన అంటారు. నీ 900 కిలోల డబ్బాకు 60 నుంచి 75 కిలోల మధ్య ఉంచు. అంతకన్నా తగ్గితే నాకు అయినట్టే తోక ఊగుతుంది. పెరిగితే ఇంకో బాధ. నీ బండి ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్య దూరం 2680 మిల్లీమీటర్లు. బాల్ వెనక ఇరుసుకు మీటరు వెనక ఉందనుకో. ముక్కు మీది 70 కిలోలు వెనక ఇరుసు మీద 96 కిలోలై పడతాయి, ముందు ఇరుసు మీద నుంచి 26 కిలోలు లేపుతాయి. స్టీరింగ్ తిప్పేది, ఎక్కువ బ్రేకు పట్టేది ముందు చక్రాలే. అసలే 20 ఏళ్లు దాటిన బండి, కమాన్లు (బరువు మోసే పట్టీల స్ప్రింగులు) కూర్చుని ఉంటాయి. వెనక ఇంకా కూర్చుంటే రాత్రిపూట నీ హెడ్‌లైట్లు చెట్ల కొమ్మలు చూస్తాయి.

తూచడం కష్టమేమీ కాదు. ఎరువుల షాపులో బస్తాలు తూచే కాటా ఒకటి తెచ్చుకో. డబ్బాలో ప్రయాణానికి ఏమేం పెడతావో అన్నీ పెట్టు. గ్యాస్ సిలిండర్, నీళ్లు, మంచాలు, బియ్యం డబ్బాతో సహా. సమతలంగా ఉన్న చోట నిలబెట్టి, చక్రాలకు రాళ్లు పెట్టి, కాటా మీద కర్రమొద్దు నిలబెట్టి దాని మీద ముక్కు ఆనించు. మొద్దు పొడవు ఎంత ఉండాలంటే, ముక్కు జీపుకు తగిలించినప్పుడు ఉండే ఎత్తులోనే ఉండాలి. ముక్కు పైకో కిందికో ఉంటే అంకె మారిపోతుంది. తక్కువ వస్తే బరువైన వస్తువు ఒకటి ఇరుసు ముందుకు జరుపు, ఎక్కువ వస్తే వెనక్కి. ఎంత జరిపినా ఇరుసు చుట్టుపక్కలే ఉండనీ. సరిగ్గా తూగింది కదా అని ముందు చివర ఒక బరువు, వెనక చివర ఒక బరువు పెట్టకు. కాటా ఒప్పుకున్నా రోడ్డు ఒప్పుకోదు, రెండు చివర్లా బరువున్న డబ్బా ఊగడం మొదలుపెడితే ఆగదు. నీళ్ల ట్యాంకు సగం ఉంటే నీళ్లు అటూ ఇటూ కొట్టుకుంటాయి. నిండుగానో ఖాళీగానో పో.

ఇంత చేసినా ఎప్పుడైనా ఊపు మొదలైతే యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసెయ్యి, స్టీరింగ్ నిటారుగా పట్టుకో, అంతే. ఊపుకు ఎదురు తిప్పాలని చేతులు లాగుతాయి, తిప్పకు. స్పీడు పెంచితే సాఫవుతుందని చెప్పే పెద్దమనుషులున్నారు. నమ్మకు. ఊపు వేగంతో పాటే పెరుగుతుంది. ఈ డబ్బాతో నీ హైవే స్పీడు 60. నాలుగు వరుసల రోడ్డు ఎంత ఖాళీగా ఉన్నా 60.

ఇక బ్రేకులు. ఈ 2800 కిలోలు వంద మీటర్ల ఎత్తు దిగితే పుట్టే వేడి, అదే బరువును 60 వేగం నుంచి ఏడుసార్లు పూర్తిగా ఆపితే పుట్టేంత. ఘాట్‌లో ఆ వేడంతా బ్రేకుల మీదే వేస్తే డ్రమ్ములు కాలి, లైనర్లు పట్టు వదిలేస్తాయి. పెడల్ గట్టిగానే ఉంటుంది, బండి మాత్రం ఆగదు. బ్రేక్ ఆయిల్ పాతదైతే అది ఇంకోరకం గండం. కొత్త డాట్ 3 ఆయిల్ 205 డిగ్రీల దాకా మరగదు. గాలిలోని తేమ పీల్చుకున్నాక 140కే మరగొచ్చు. మరిగితే పైపుల్లో ఆవిరి చేరి, పెడల్ నేలకు దిగిపోతుంది. నీ బండి ఆయిల్ చివరిసారి ఎప్పుడు మార్చావో గుర్తులేదంటే మార్చలేదనే అర్థం. మొత్తం తీసేసి డాట్ 4 పోయించు. 230 దాకా తట్టుకుంటుంది.

డబ్బాకు సొంత బ్రేకు ఉందా అన్నది నువ్వు రాయలేదు. అదే అసలు ప్రశ్న. బ్రిటన్‌లో బ్రేకు లేని ట్రైలర్ 750 కిలోలు, లేదా లాగే బండి బరువులో సగం, ఏది తక్కువైతే అంతకు మించకూడదు. మన దగ్గర కూడా ట్రైలర్ల వర్గీకరణలో 750 కిలోల దగ్గరే గీత ఉంది. ఆ లోపు టీ1, ఆ పైన 3.5 టన్నుల దాకా టీ2. నీ డబ్బా నిండితే ఆ గీత దాటుతుంది. బ్రేకు లేకపోతే వేయించు, లేదా సామాను తగ్గించి గీత లోపలే ఉండు. ఘాట్‌కు పోవాలంటే నా మాట మొదటిదే.

డబ్బాకు బ్రేకు ఉంటే చాలావరకు తోపుడు బ్రేకే అయి ఉంటుంది. జీపు స్లో అవగానే డబ్బా ముందుకు తోస్తుంది. ఆ తోపుకు ముక్కులోని రాడ్ లోపలికి పోయి కేబుల్ లాగుతుంది, డబ్బా చక్రాలకు బ్రేకు పడుతుంది. మంచి ఏర్పాటు, కరెంటు అక్కర్లేదు. కానీ సెకండ్ హ్యాండ్ డబ్బాల్లో ఆ రాడ్ తుప్పు పట్టి కదలకుండా ఉంటుంది. రబ్బరు తొడుగు తీసి చూడు. లోపల గ్రీజు మెరుస్తూ ఉండాలి, ఎర్రపొడి రాలకూడదు. ఒకటి గుర్తుంచుకో, రివర్స్ చేసినప్పుడు కూడా జీపు ముక్కును లోపలికి నెడుతుంది కదా, బ్రేకు పడుతుంది. అందుకే రివర్స్‌లో బ్రేకు పడకుండా ఆపే ఏర్పాటు ఒకటి ఉంటుంది, కొన్నింట్లో చేత్తో వేసేది, కొన్నింట్లో తనంతట తానే పనిచేసేది. అది లేక కొందరు క్లచ్ ప్లేట్ కాల్చుకున్నారు, ఇంజిన్‌ను తిట్టుకుంటూ.

దిగుడులో ఏ గేరుతో ఎక్కగలవో ఆ గేరుతోనే దిగు. మొదట్లోనే ఆ గేరులో పడాలి, మధ్యలో కాదు. బ్రేకు తొక్కిపట్టి ఉంచకు. ఒకసారి గట్టిగా తొక్కి వేగం 25కు తెచ్చి వదులు, 35కు చేరాక మళ్లీ తొక్కు. మధ్యలో డ్రమ్ములకు గాలి తగులుతుంది. డీజిల్ ఆదా అని న్యూట్రల్‌లో దించే అలవాటు మన డ్రైవర్లలో చాలామందికి ఉంది. నీకుంటే ఈ డబ్బా కట్టిన రోజు నుంచి మానెయ్. ఇంజిన్ ఆగిందంటే, బ్రేకు పెడల్‌కు బలం అందించే బూస్టర్‌ను నడిపే వాక్యూమ్ పంపు ఆగుతుంది. బూస్టర్‌లో మిగిలిన వాక్యూమ్‌తో రెండు తొక్కుళ్లు పనిచేస్తాయేమో, తర్వాత పెడల్ రాయి అవుతుంది.

ఫోర్‌వీల్ ఉంది కదా అని ఎక్కుడులో వేసుకుందామనుకుంటున్నావేమో, తారు రోడ్డు మీద వద్దు. నీ బండిలో ముందు, వెనక ఇరుసులు కలిసి బిగుసుకుపోతాయి. మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం తిరగాలి, తిరగలేవు, ఆ ఒత్తిడంతా గేర్లు, జాయింట్ల మీద పడుతుంది. కానీ ఒక చిట్కా ఉంది. ముందు చక్రాల మధ్యలో, చక్రాన్ని ఇరుసుతో కలిపి విడదీసే, చేత్తో తిప్పే హబ్‌లు ఉంటే వాటిని ఫ్రీలో పెట్టి లో రేంజ్ (నెమ్మదిగా, ఎక్కువ బలంతో కదిలించే గేరు) వెయ్యి. ముందు చక్రాలకు పవర్ పోదు, లో గేరు మాత్రం దక్కుతుంది. ఎత్తుగా ఉన్న చోట డబ్బాను రివర్స్‌లో పెట్టాలంటే క్లచ్ కాలకుండా ఇంచు ఇంచుగా జరపొచ్చు. యాక్సిలరేటర్ మాత్రం నెమ్మది, ఆ బలమంతా ఒక్క వెనక ఇరుసే మోస్తుంది.

ఫోర్‌వీల్ అసలు పని మట్టిలో. ములుగు వైపు ఎర్ర చెలక నేలలో వాన పడ్డా ఎలాగోలా బయటపడతావు. ఆదిలాబాద్ వైపు నల్లరేగడి అలా కాదు. ఒక్క వాన చాలు, టైరు గీతలన్నీ నిండి చక్రం నున్నటి లడ్డూ అవుతుంది. జీపు బయటికొస్తుంది, డబ్బా రాదు, దాని చక్రాలకు తిప్పే పవర్ లేదు కదా. దిగబడితే కట్టిన డబ్బాతో గుంజకు. విప్పెయ్. జీపును గట్టినేల మీదకు తీసుకుపోయి, తాడుతో డబ్బాను నిటారుగా లాగు. వానాకాలంలో కుంటాల పోతే డబ్బాను తారు రోడ్డు పక్క గట్టి చోటే నిలిపి మిగతా దారి జీపులో పో.

మీ మెకానిక్ చెప్పిన పెద్ద హుక్ సంగతి. హుక్ ఎంత పెద్దదన్నది కాదు, దేనికి బిగించాడన్నది చూడు. బంపర్‌కు వద్దే వద్దు. చాసిస్ (బండి కింది ఇనుప చట్రం) రెండు పక్కల పొడవు దూలాలకూ ప్లేట్లు వేసి, 8.8 గ్రేడ్ బోల్టులతో బిగించాలి. దానికి ముందు చిన్న సుత్తి తీసుకుని బండి కింద దూరు. వెనక అడ్డపట్టీ నుంచి కమాన్ చివర చాసిస్‌కు తగిలే షాకిల్ దాకా కొట్టుకుంటూ పో. మంచి ఇనుము ఠంగుమంటుంది. తుప్పు తిన్న చోట దబ్ అని చచ్చిన చప్పుడొస్తుంది. అక్కడ స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడు. దిగిందంటే డబ్బా మాట పక్కనపెట్టి ముందు చాసిస్ బాగుచేయించు. బాల్ 50 మిల్లీమీటర్లది, దాని మీద కూర్చునే డబ్బా ముక్కు కప్లర్ కూడా అదే కొలతదా అని చూసుకో. రెండు సేఫ్టీ గొలుసులు ముక్కు కింద ఇంటూ గుర్తులా వేస్తే, కప్లర్ ఊడినా ముక్కు నేలను తాకకుండా గొలుసుల మీద పడుతుంది.

వేడి. ఏప్రిల్, మే నెలల్లో వరంగల్‌లోనే 43, 44 దాటుతుంది, రామగుండం వైపు చెప్పక్కర్లేదు. 20 ఏళ్ల రేడియేటర్‌లో సగం గొట్టాలు మూసుకుపోయి ఉంటాయి. ఖాళీగా తిరిగితే తెలియదు, డబ్బా కట్టి ఎక్కుడు ఎక్కితే తెలుస్తుంది. రేడియేటర్ విప్పి రాడింగ్ చేయించు, అంటే గొట్టాల్లో సన్నని కమ్మీ దూర్చి శుభ్రం చేయించు, బయటి రబ్బరు గొట్టాలూ ఫ్యాన్ బెల్టూ మార్చు. ఎక్కుడులో సూది పైకి పోతుంటే ఏసీ ఆపి, గేరు తగ్గించు. ఇంజిన్ వేగం పెరిగితే ఫ్యాన్, నీళ్ల పంపు రెండూ వేగంగా తిరుగుతాయి. పైకి చేరాక వెంటనే ఇంజిన్ ఆపకు, టర్బో చల్లబడేదాకా రెండు నిమిషాలు ఐడిల్‌లో ఉంచు. ఎండాకాలం ప్రయాణమైతే తెల్లవారుజామున నాలుగింటికే కదులు. నేను ఇప్పటికీ అంతే.

డబ్బా టైర్ల గుండీ (గీతల లోతు) చూసి మోసపోకు. ఏడాదికి నాలుగుసార్లు కదిలే డబ్బా టైర్లు అరిగి పోవు, ముసలివై పగులుతాయి. పక్కగోడ మీద నాలుగంకెలు ఉంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం అని. ఆరేళ్లు దాటితే మార్చెయ్. హబ్ బేరింగ్‌లు విప్పి గ్రీజు పెట్టించు. ఇండికేటర్లు, బ్రేక్ లైట్లు డబ్బా వెనక వెలగాలి, ఎర్త్ వైరు వేరుగా లాగు, బాల్ మీద ఆధారపడకు. అద్దాలు డబ్బా వెడల్పు దాటి బయటికి ఉండాలి. నడుస్తున్నప్పుడు డబ్బాలో ఎవ్వరూ కూర్చోకూడదు, పిల్లలు ఎంత ఏడ్చినా సరే.

కాగితాలు. ట్రైలర్‌కు వేరే రిజిస్ట్రేషన్ ఉండాలి, ఆ నంబరు డబ్బా పక్కన రాయాలి, లాగే బండి నంబరు డబ్బా వెనక కనిపించాలి. మోటారు వాహనాల చట్టం 61వ సెక్షన్‌లో ఉన్నదే. నీది ఇంకా ఏపీ 36 ప్లేటే అన్నావు, అదే నంబరు వెనక కూడా రాయించు. ఆర్‌సీ 2019లో ఒకసారి, 2024లో ఒకసారి రెన్యువల్ అయిందంటున్నావు, ఐదేళ్ల చొప్పున 2029 దాకా నడుస్తుంది. డబ్బా అమ్మినవాడి దగ్గర రిజిస్ట్రేషన్ కాగితం లేకపోతే ముందు అది తేల్చుకో. డబ్బా కడుతున్నట్టు ఇన్సూరెన్స్ వాళ్లకు చెప్పి పాలసీలో రాయించు.

రివర్స్ నేర్చుకోవడానికి యూట్యూబ్ కంటే ఏనుమాముల మార్కెట్ మేలు. మిర్చి సీజన్‌లో పొద్దున్నే పోయి, ట్రాక్టర్ వాళ్లు ట్రాలీలను సందుల్లోకి వెనక్కి ఎలా పెడతారో నిలబడి చూడు. చెయ్యి స్టీరింగ్ కింది భాగంలో పెట్టుకుంటారు. ట్రాలీ తోక ఎటు పోవాలో చెయ్యి అటు జరుపుతారు. తిరగడం మొదలవగానే స్టీరింగ్ వెనక్కి ఇచ్చేస్తారు. నీది పొట్టి డబ్బా కాబట్టి పొడవుదాని కంటే తొందరగా మడతపడుతుంది. మడతపడుతోందనిపిస్తే పరువుకు పోకుండా ముందుకు లాగి మళ్లీ మొదలుపెట్టు.

మొదటి ప్రయాణం కుంటాలకు వద్దు. ఖాళీ డబ్బాతో ఊరి బయట ఒక పూట తిరుగు. తర్వాత సామాను వేసి లక్నవరం పో. హైవే బాగుంటుంది, పెద్ద ఘాట్ లేదు, గోవిందరావుపేట వైపు మలుపు తిరిగితే చెరువు. దారిలో ములుగులో ఆగి దిగి డబ్బా హబ్‌ల మీద చెయ్యి పెట్టి చూడు. వెచ్చగా ఉంటే సరే, చెయ్యి పెట్టలేనంత వేడైతే బేరింగో బ్రేకో పట్టేస్తోంది. మేడారం జాతర వారం మాత్రం ఆ రోడ్డు మీదికి డబ్బా తేకు. రెండు ప్రయాణాలు బాగా జరిగాక మహబూబ్ ఘాట్ ఆలోచిద్దాం.

ఈలోగా ధర్మకాంట మీద మూడుసార్లు తూచు. నిండు డబ్బా కట్టి మొత్తం ఒకసారి, విప్పి జీపు ఒక్కటే ఒకసారి, డబ్బా కట్టినప్పుడు జీపు వెనక ఇరుసు మాత్రం కాటా మీద ఉండేలా ఒకసారి. మూడో తూకానికి కాంటవాడు గొణుగుతాడు, టీ డబ్బులు ఇవ్వు. ఆ మూడు చీటీల ఫొటోలు ఇక్కడ పెడితే వెనక కమాన్‌కు అదనంగా పట్టీ వేయాలా, ఉన్నదే చాలా అన్నది చెప్తాను.